ఐదువందలోసారి

తెనాలిలో ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉండే కంప్యూటర్ లేని ఇల్లంటే హైమావతి ఇల్లొక్కటే. రిపేరు చేసిన ఆ కంప్యూటర్లకు ఓపిక నిలుస్తుందో లేదో చూడటమే ఆమె ఉద్యోగం. ఒకే ప్రశ్న ఐదువందలసార్లు అడగాలి. కంప్యూటర్ ఒక్కసారి విసుక్కున్నా దాన్ని మళ్లీ విప్పాల్సిందే.

"నేను అన్నం తిన్నానా?" అని పొద్దుటినుంచీ అడిగి అడిగి ఆమె గొంతు బొంగురుపోయింది.

"తిన్నారు బామ్మగారూ, బీరకాయ పప్పుతో," అంది కంప్యూటర్ ఐదువందలోసారి కూడా, అంతే మెత్తగా. దానికి 'పాస్' చీటీ అంటించి, హైమావతి కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరింది.

అత్తగారికి అన్నం పెట్టి, చెయ్యి కడిగించి, నడుం వాల్చబోయింది.

"అమ్మాయ్, నేను అన్నం తిన్నానా?"

"తిన్నారత్తయ్యా."

నాలుగోసారికి హైమావతి అరిచేసింది. "ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

అత్తగారు బెదిరిపోయింది. "ఒక్కసారేగా తల్లీ అడిగాను?"