అట్లాసు బాబు

"అట్లాస్ తయారు చేస్తున్నానమ్మా," అన్నాడు ఆ కొత్త మనిషి.

సంతబొమ్మాళి దగ్గర పల్లె అది. బొడ్డమ్మ పెరట్లో జీడిపిక్కలు కాల్చి కొడుతున్న ఆడవాళ్లంతా చేతులాపి చూశారు.

"అట్లాసంటే సైకిలు కదేటి?" అంది బొడ్డమ్మ. ఆవిడ పెనిమిటి బతికున్నన్నాళ్లూ తొక్కింది అదే.

"కాదు మామ్మా, మెడలో మొదటి ఎముక. తలకాయని మోసేది అదే," అంది మనవరాలు ఐశ్వర్య. టెక్కలిలో నర్సింగు చదువుతోంది. తెలిసింది చెప్పకుండా ఉండలేదు.

"బడిలో పటాల పుస్తకం అత్తా," అన్నాడు మేనల్లుడు ప్రేమ్‌కుమార్, ఫోన్లోంచి తలెత్తకుండానే. అతనికి టెక్కలిలో సెల్‌ఫోన్ల షాపుంది. కూడు మాత్రం అత్త చేతిదే.

కొత్త మనిషి నవ్వాడు. మెడకి తువ్వాలు, బొంగురు గొంతు, రేడియోలో వార్తలు చదివినట్టు తెలుగు.

"అందరూ చెప్పిందీ నిజమే. మాట ఒకటే, డాక్టర్ల దగ్గర ఒక అర్థం, పంతుళ్ల దగ్గర ఇంకో అర్థం. నా పని దానికి తలకిందులు. వస్తువు ఒకటే, ఊరు మారితే మాట మారిపోతుంది. ఏ ఊళ్లో ఏమంటారో, ఆ ఊరి గొంతుతోనే మ్యాపులో పెడతాను. ఇప్పుడు రాగులే ఉన్నాయి..."

"రాగులేటి? సోళ్లు!"

"అదీ! తెలంగాణలో తైదలంటారు. చెప్పండమ్మా, ఇంకా చెప్పండి."

"మీదే ఊరు బాబూ?"

"విశాఖ నుంచి వచ్చానమ్మా."

అతను చిన్న నల్లపెట్టె ఒకటి ఆవిడ ముందు పెట్టాడు. బొడ్డమ్మకి అంతకంటే ఏం కావాలి? అసలు ఆవిడ కబుర్లుంటేనే ఆ పెరట్లో పని సాగుతుంది. ఊరి పక్క పారే గెడ్డ గురించి చెప్పింది, తోట గురించి చెప్పింది.

"నాతో దంచీ నా జత వరహాలమ్మ పోయినాక ఈ రోలు అలగే పడుంది బాబూ," అని రోలు చూపించింది.

మధ్యలో నూతి దగ్గరికెళ్లిన మనవరాలిని కేకేసింది. "బేగి రాయే గుంటా, సోడంబలి సల్లారిపోతంది!"

అతని కళ్లు చెమర్చాయి. జీడిపొగ పడలేదు కాబోలు అనుకున్నారు.

గిన్నెడు సోళ్ల అంబలి తాగి లేచాడు. "మళ్లీ వచ్చినప్పుడు మీకో సంగతి చెప్పాలమ్మా," అన్నాడు.

పేరెవరూ అడగలేదు. అట్లాసు బాబు అనేశారు.

వారం తిరక్కుండా అందరి ఫోన్లలోకీ ఓ వీడియో వచ్చింది. "బేగి రాయే గుంటా" అని బొడ్డమ్మ కేక, వెనక అతికించిన పకపకలు, మేక అరుపులు.

పిక్కలు కొనడానికొచ్చిన పలాస వ్యాపారి "సోడంబలి ఉందేటీ?" అని సాగదీసి నవ్వాడు. ఐశ్వర్య కాలేజీలో అడుగు పెడితే చాలు, బేగి రాయే గుంటా అని వెనకనుంచి కేకలు.

"మామ్మా, నాతో వచ్చినప్పుడు బస్సులో మాటాడకు," అంది ఐశ్వర్య.

బొడ్డమ్మ బస్సులోనే కాదు, ఇంట్లోనూ నోరు మూసుకుంది. పెరట్లో పిక్కలు కొట్టే చప్పుడొక్కటే మిగిలింది.

సరిగ్గా అప్పుడొచ్చాడు అట్లాసు బాబు, చేతిలో స్వీట్ల పొట్లంతో.

"ఏటికొచ్చినావు?" బొడ్డమ్మ నోరు తెరిచింది. "నమ్మి కూకోబెట్టినాను. నా కూడు తిని నన్ను నవ్వులపాలు సేసినావు. నీకు అమ్మ లేదేటి?"

"లేదమ్మా," అన్నాడతను.

ఐశ్వర్య ఫోన్ తెచ్చి మొహం మీద పెట్టింది. అతను వీడియో అంతా చూశాడు. తలెత్తి ప్రేమ్‌కుమార్ వైపు ఒక్కసారి చూశాడు.

ప్రేమ్‌కుమార్ అందరికంటే ముందొచ్చి చొక్కా పట్టుకున్నాడు. "మా అత్తనే ఎక్కిరిస్తావా?"

"తప్పు నాదేనమ్మా. మిమ్మల్ని మాట్లాడించింది నేనే," అన్నాడతను.

వీధిలోకి గెంటేశారు. స్వీట్ల పొట్లం వెనకాలే వెళ్లి పడింది.

వానలు మొదలయ్యాక ఓ రోజు ఐశ్వర్య ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"మామ్మా, అట్లాసు బాబు మ్యాపు! మన ఊరి చుక్క ఉంది."

నొక్కితే బొడ్డమ్మ గొంతు పలికింది. పకపకల్లేవు, మేకల్లేవు. కింద 'చెప్పినవారు: బొడ్డమ్మగారు' అని ఉంది. ఆవిడ పేరు పక్కన గారు చేర్చినవాళ్లు అంతకుముందు లేరు.

బేగి రాయే గుంటా అన్న కేక వెనకే, ఆవేళ కబుర్ల సందడిలో బొడ్డమ్మ పట్టించుకోని ఇంకో గొంతు వినిపించింది.

"అత్తా, ఇటు నా ఫోన్ కేసి సూడు. మళ్లీ ఓసారి అను."

మామ్మా మనవరాలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అట్లాసు బాబు పెట్టెకి అసలు కెమెరాయే లేదు.

సాయంత్రం ప్రేమ్‌కుమార్ కూటికొచ్చాడు. ఐశ్వర్య అతని గొంతు అతనికే వినిపించింది.

"సరదాకి పెట్టినాను అత్తా. ఇంతమంది సూత్తారని కలగన్నానా?"

బొడ్డమ్మ వడ్డిస్తున్న గరిటె దించేసింది. "పరాయోడి పని అనుకుని ఓర్సుకున్నాన్రా. నువ్వా? నీ తప్పు ఆ బాబు నెత్తినేసుకుంటే, ఆడి సొక్కాయే పట్టుకున్నావా?"

అతని ముందు కంచం తీసేసింది.

మ్యాపు కింద ఫోన్ నంబరుంది. ఐశ్వర్య చేస్తే ఎవరో ఆడమనిషి ఎత్తి, ఏ ఊరో అడిగింది.

"ఆయనకి గొంతు ఆపరేషన్ అయిందండీ. ఇంక మాట్లాడలేరు," అంది. మళ్లీ తనే, "ఆపరేషన్‌కి ముందు తన మాట కూడా మ్యాపులో పెట్టుకున్నారు. మీ ఊరి చుక్కలో బొడ్డమ్మగారి కింద ఉన్న రెండో రికార్డింగు ఆయనదే," అంది.

ఐశ్వర్య నొక్కింది.

రేడియో తెలుగు కాదు. బొంగురుగా, సాగదీస్తూ, అచ్చం ఆ పెరటి మాట.

"నాను వరహాలమ్మ కొడుకుని. మాయమ్మ పోయినాక, మా మావ వచ్చి నన్ను వైజాగు తీసుకెళ్లీదాకా, బొడ్డమ్మ పిన్ని సేతి సోడంబలి తాగి పెరిగినోడిని."