లాల పోసిన వీడియో

ముక్కూమొహం తెలియని మగాడెవడో తన బిడ్డను చెడ్డ కన్నుతో చూస్తాడేమోనన్నదే ఈశ్వరికి అన్నిటికన్నా పెద్ద భయం. అందుకే ఇరవై రోజుల పాప ఫొటో ఒక్కటైనా ఎక్కడా పెట్టలేదు. అత్త కాళ్ళు బారజాపి పాపకు లాల పోస్తుంటే తీసిన వీడియో మాత్రం, పురుటికి ముందే దూరాన పై రాష్ట్రంలోని వెరావల్ రేవులో చేపల బోటెక్కిన మొగుడు ధనరాజ్‌కి పంపింది.

"ఏటే, ఫోను సూసి అలా కూలబడిపోనావు?" అంది అత్త అప్పలమ్మ, కాళ్ళ మీది పాపకు సున్నిపిండి రుద్దుతూ.

"ఫోనులో నా ఖాతా మూసీసినారత్తా. ఆ వీడియోలో బూతుందట."

"ఎవుడన్నాడు?"

"కంపెనీవోడు. మా పాప తానమే బాబూ అని రాసినాను. 'మా కంపెనీ మనిషే మళ్ళీ సూసినాడు, అది బూతే' అని జవాబిచ్చినారు."

"పేటలో సగం మందికి ఈ కాళ్ళ మీదే నీళ్ళోసినాను. నాకెప్పుడూ కనపళ్ళేదే. ఆడికెక్కడ కనపడిందట?"

అప్పటిదాకా తప్పు తనదేననుకుంది ఈశ్వరి.

"మరి మావోడు సూసినాడా?"

"లేదత్తా. ఒడ్డుకొస్తే గాని సిగ్నలుండదు."

అంటూనే ఈశ్వరికి అసలు సంగతి తట్టింది. కన్నతండ్రి ఇంకా మొహమైనా చూడని బిడ్డను ఆ కంపెనీ మనిషి ఆపి ఆపి చూశాడు. గబుక్కున తువ్వాలు తెచ్చి పాపను కప్పేసింది.

ధనరాజ్ మాట్లాడేది ఆ ఖాతాలోనే, నంబరూ దానితోనే పోయింది. వెరావల్ రేవులో మీవాళ్ళుంటే, అతను ఒడ్డుకొచ్చాడేమో ఒకసారి చూడమనండి. ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డా బాగున్నారని చెప్పమనండి.