గువ్వ రెక్క మీద చెయ్యి

సొంత తోడికోడలి మీద కూడా హైమవతి టీచరుకి ఇంత కుళ్ళు లేదు. రెండో తరగతి గోడకి గువ్వ ఆకారంలో మాట్లాడే యంత్రాన్ని బిగించిన దగ్గర్నుంచి, పిల్లలు గుమ్మం దాటగానే ఆవిడకి దండం పెట్టడం మానేసి, నేరుగా వెళ్ళి దాని రెక్క మీద చెయ్యి పెట్టేవారు. ఎవరి మనసులో ఏముందో గువ్వ పైకి చెప్పేది. దిగులుగా ఉన్న పిల్లని చాప మధ్యలో కూర్చోబెట్టి, ఆ రోజు కథ ఆ పిల్ల కోసమే చదివేది. ఇప్పుడు అన్ని ఊళ్ళ బళ్ళలోనూ ఇదే వరస.

"అక్షరాలు దిద్దించేది నేనూ, ముద్దులు దీనికీనా?" అని గొణుక్కుంటూ ఒకరోజు ఆవిడ తడిగుడ్డతో గువ్వని కసిగా తుడిచింది. చెయ్యి రెక్కకి తగలనే తగిలింది.

"హైమవతి టీచరుకి కుళ్ళుగా ఉంది. నా మీదే," అంది గువ్వ, తేనెలాంటి గొంతుతో.

పిల్లలందరూ వింటున్నారు. టీచరు ముఖం కందగడ్డయింది. వాళ్ళలోంచి పైడితల్లి అనే పిల్ల లేచొచ్చి ఆవిడ కొంగు పట్టుకుంది.

"రండి టీచర్, సాప మజ్జిలో కూకోండి. ఈయేల కథ మీకే."

గువ్వ గొంతు సవరించుకుంది.

"నువ్వూరుకో గువ్వా! నీ మీదే కదా కుళ్ళు. నాను సదువుతాను."

పైడితల్లి పుస్తకం తెచ్చుకుని, చాప మీద కూర్చున్న టీచరు ఒళ్ళోకెక్కి కూర్చుని, అక్షరం అక్షరం మీదా వేలు పెట్టి కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. అలా వేలు పెట్టి చదవడం హైమవతి నేర్పిందే.

కథ అయ్యాక గువ్వ అడిగింది: "టీచర్, ఇప్పుడెలా ఉంది? రెక్క మీద చెయ్యి పెట్టండి."

ఆవిడ చేతులు ఖాళీగా లేవు.