మామ్మ మణికట్టు మీద ఎర్ర దీపం

పెళ్ళై నెల కూడా కాలేదు, ఇహిత అరచేతుల్లో గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. భర్త నానమ్మ సౌజన్య మామ్మ మణికట్టు మీది దీపమూ ఎర్రగానే ఉంది. ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గితే ఆ దీపం ఎర్రబడుతుంది. సాయంత్రం ఆసుపత్రి బండి వచ్చేసరికి అది ఆకుపచ్చగా మారకపోతే ముసలివాళ్ళను అద్దాల వార్డుకు తీసుకుపోతారు. ఈ వీధి నుంచి వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు.

మర్దనతో ఆ శక్తి పెరుగుతుందని పెట్టిన యంత్రం మామ్మ వీపు రుద్ది రుద్ది, వేడెక్కి ఆగిపోయింది. ఇహిత గోరువెచ్చని నువ్వులనూనెతో తనే మొదలుపెట్టింది. ఇంత భయంలోనూ ఆ కమ్మని వాసనకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది.

“చపాతీ పిండనుకున్నావా నన్ను? ఆపవే,” అంది మామ్మ.

ఇహితకు ఏడుపు ఆగలేదు. “మీరు వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాతో పోట్లాడేదెవరు మామ్మా?”

“ముందా జుట్టు చూడు, పిచ్చిక గూడులా ఉంది. ఇలా కూర్చో.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. పోయేలోపు ఒక్కసారైనా నీ తలకి నూనె పెట్టనీ.”

మామ్మ వేళ్ళు ఇహిత మాడు మీద దరువు వేశాయి. కూనిరాగం కూడా మొదలైంది. ఇహిత ఓరగా చూసింది. దీపం పసుపురంగుకు తిరిగింది! పొద్దుటినుంచి ఎంత రుద్దించుకున్నా మారనిది, మామ్మే ఇంకొకరికి రుద్దుతుంటే మారింది.

కింద బండి ఆగింది. మెట్ల మీద బూట్ల చప్పుడు. ఇహిత లేవలేదు. నూనె గిన్నె మామ్మ దగ్గరకు జరిపి, తల ఇంకా వెనక్కి వాల్చింది.

తలుపు కొట్టారు.

“అబ్బా, తల పగిలిపోతోంది మామ్మా,” అంది ఇహిత. “ఇంకొంచెం గట్టిగా.”