ఐదు తర్వాత ఒకటి

“నా బ్యాగెప్పుడిస్తారు టీచర్?”

పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. ముందుపన్ను ఊడిన సందులోంచి మాట తుస్సుమంటోంది. పన్ను ఊడిన దగ్గర్నుంచీ ఆ పిల్ల పేరు అందరూ మర్చిపోయారు. తొర్రి అంటే తొర్రి, అంతే.

“జిప్పు పట్టేసిందమ్మా. బాగు చేయించి ఇస్తా,” అంది టీచరు, అల్మరా తలుపుకి వీపు ఆనించి.

పచ్చి అబద్ధం. జిప్పు నిక్షేపంలా ఉంది.

ఎవరో దాతలు అట్టపెట్టెల నిండా పంపారు. పలకలు, పుస్తకాలు, రంగు పెన్సిళ్లు, నీళ్ల సీసాలు, బ్యాగులు. పెద్దమేడం ముందుగా అన్నీ విప్పి చూసి, షార్ప్‌నర్లు, కంపాసులు తీసేయించింది. చిన్నపిల్లలు కదా, ఎందుకొచ్చిన గొడవ. మిగతావి టీచరు ఆ రోజే పంచేసింది. నా పలక పెద్దదంటే నా పలక పెద్దదని కొట్టుకోవడాలు కూడా అయిపోయాయి.

బ్యాగు సంగతే వేరు. అది ఆరేళ్లు నిండినవాళ్లకే. బ్యాగు భుజానికెక్కిన రోజే వ్యానెక్కి పెద్దబడికి పోవాలి. అక్కడే హాస్టలు. మళ్లీ ఈ గదిలో కూర్చునే పని ఉండదు.

అక్కడే వచ్చింది చిక్కు. తొమ్మిది మంది పిల్లల్లో తొర్రి అంటే టీచరుకి ప్రాణం. అది వెళ్లిపోతే ఈవిడ ఏమైపోతుందోనని అందరికీ బెంగే. పైకి మాత్రం పక్షపాతం కనబడనిచ్చేది కాదు. బడిలో ఎవరైనా సరే “టీచర్” అనాలి, “మీరు” అనాలి. అది ఆవిడ పెట్టిన రూలు.

మంచి టీచరే, కాదనడానికి లేదు. ఉతికిన తెల్లచీర, బిగించి అల్లిన జడ. ఐదారేళ్లలో ఒక్క సెలవు పెట్టలేదు. బస్సు దొరకలేదనీ, ఇంటికి చుట్టాలొచ్చారనీ ఒక్క సాకు చెప్పి ఎరగదు. అలాంటి మనిషి ఈమధ్య సాకుల మీద సాకులు చెబుతోంది. మొదట బ్యాగు కుట్టు ఊడిందంది. తర్వాత పిల్లకి దగ్గంది. ఇప్పుడు జిప్పు.

ఆ మాట తేల్చుకోవడానికే పెద్దమేడం వచ్చింది.

“ఇలా రావే తొర్రీ. నీకెన్నేళ్లు?”

“ఐదు.”

“ఐదు తర్వాత ఎంత?”

తొర్రి వేళ్లు చూసుకుంది. “ఒకటి.”

మేడంకి నవ్వొచ్చింది. “అదేం లెక్కే?”

“ఐదు తర్వాత మళ్లీ ఒకటే మేడం. మా టీచర్ చెప్పారు. కావాలంటే వీళ్లనడగండి.”

“ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ, ఐదూ, ఒకటీ, రెండూ...” మిగతా ఎనిమిది మందీ అందుకున్నారు.

మేడం నవ్వు ఆగిపోయింది. పోయినేడాది పిల్లలు ఇరవై దాకా గడగడా చెప్పడం ఆవిడ తన చెవులతో విన్నదే. టీచరు తల దించుకుంది.

“ఆరు అనే అంకె దాచేస్తే ఆరేళ్లు రాకుండా పోతాయా టీచరమ్మా?” అంది మేడం, గొంతు తగ్గించి.

“ఒక్క నెల, మేడం.”

“పోయిన నెలా ఇదే మాట. నా చేతుల్లో ఏముంది చెప్పు. అయినా దాని చదువేం కావాలి? ఈ నాలుగు గోడల మధ్య ఎన్నాళ్లని?”

“దానికి చీకటంటే భయం.”

“నాలుగు రోజులకి అలవాటవుతుందిలే.”

“దానికి అవుతుంది,” అంది టీచరు.

బయట వ్యాను హారన్ కొట్టింది. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. పంపితే తనకి బతుకు లేదు. ఆపితే పిల్లకి లేదు. టీచరు అల్మరా తెరిచింది. బ్యాగు తీసింది. జిప్పు సర్రున వచ్చింది. తనే అట్టలేసి పెట్టిన పుస్తకాలు ఒక్కొక్కటీ సర్దింది. పట్టీ చివరికంటా బిగించినా బ్యాగు పిల్ల నడుము కిందికి జారిపోతోంది.

“ఐదు తర్వాత ఆరు,” అంది, పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని. “ఆరు తర్వాత ఏడు. అక్కడెవరైనా అడిగితే ఒకటనకు. నవ్వుతారు.”

“మరి మీరు తప్పు చెప్పారా?”

“తప్పే చెప్పాను.”

“వ్యాను దాకా రండి టీచర్.”

“గీత దాకా వస్తా.”

వాకిట్లో నేల మీద పసుపు గీత ఒకటుంది. ఏ పిల్లని సాగనంపినా టీచరు అక్కడిదాకే వస్తుంది. అక్కడ నిలబడే చెయ్యి ఊపుతుంది.

తొర్రి గంతులేస్తూ గీత దాటింది. మేడం చెయ్యి పట్టుకుంది. గేటు దాకా హుషారుగా పోయింది. అక్కడ ఆగి వెనక్కి చూసింది. టీచరు గీత దగ్గరే ఉంది.

బడి రూలు మర్చిపోయి, “అమ్మా, నువ్వూ రా,” అని తొర్రి ఏడుపందుకునేసరికి టీచరు కాలు ముందుకు పడింది గానీ, తాళాల గుత్తితో గేటు దగ్గర నిలబడ్డ వార్డరు తలైనా తిప్పకుండా, “ఖైదీలు గీత దాటకూడదు,” అంది.