వెనక బెంచీ అక్క

తరగతి నిండా స్టాండ్లే. ఒక్కో స్టాండుకి ఒక్కో తెర, తెరలో ఇంటినుంచే చదువుకునే ఒక్కొక్కరి మొహం. పాఠం చెప్పే మేడమూ తెరలోనే. అలాంటి తెర కొనుక్కునే స్తోమత లేక బస్సెక్కి వచ్చేది పైడికుమారి ఒక్కతే. హాజరు వేసుకునేది యంత్రమే కాబట్టి ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు.

మొదటిరోజు ఎవరో "అక్కా, నన్ను కాస్త కిటికీవైపు తిప్పవా?" అన్నారు. స్టాండుకి చేతులుండవు కదా పాపం అని తిప్పింది. మర్నాడు ఇంకొకరు దుమ్ము తుడవమన్నారు. స్నేహం కుదురుతుందన్న ఆశతో తుడిచింది. అలా నాలుగేళ్లూ అందరినీ తుడిచాకే వెనక బెంచీలో కూర్చుని పాఠం విన్నది.

వీడ్కోలు రోజున బల్లమీద కొరియర్లో వచ్చిన శాలువా ఉంది.

"ఇన్నాళ్లూ మనల్ని కంటికి రెప్పలా చూసుకున్న అటెండరు అక్కకి చిన్న సన్మానం!" అంది మేడం.

"నేనూ ఈ క్లాసేనండీ మేడం," అంది పైడికుమారి.

తెరల చప్పట్లలో ఆ మాట ఎవరికీ వినబడలేదు. "కప్పాలి, కప్పాలి!" అని ఒకటే గోల.

ఆ గదిలో చేతులున్నది ఆమెకొక్కదానికే. తన శాలువా తనే కప్పుకుంది.