మచ్చల మాగ్నెట్

గైడు ముక్కు చీదిన రుమాలును జేబులో కుక్కుకుని, అదే చేత్తో గాజు గిన్నెలోంచి మాగ్నెట్ తీశాడు. చిక్కుడు గింజంత ఉంటుందది. ఫ్లాస్కులో వేస్తే గిరగిరా తిరుగుతూ ద్రావణాన్ని కలుపుతుంది. తెల్లటి దాని ఒంటి నిండా గీతలు, గీతల్లో నల్ల మచ్చలు.

"రేపు మన పని చూడ్డానికొచ్చే నిపుణుల ముందు ఇదే వెయ్యి," అన్నాడు.

పరిశోధక విద్యార్థిని ఓ అడుగు వెనక్కి వేసింది.

"సార్, ఆ మచ్చలు పల్లాడియం. ఎవరో ఎప్పుడో చేసిన ప్రయోగంలో అంటుకున్నాయి. పనంతా చేస్తున్నది అవే, మన పొడి కాదు. కొత్త మాగ్నెట్‌తో ద్రావణం పసుపు రంగు పోవట్లేదని మీకు చూపించాను కదా!"

"చూపించావు. చూశాను."

"మరి?"

"మరేం లేదు. కొత్తవి కూడా రెండు కడిగి పక్కన పెట్టు. నేను మాట్లాడేదాకా నువ్వు నోరు విప్పకు."

వెనకాల అందరూ ఆయన్ను జిడ్డు మాస్టారు అనేది ఊరికే కాదనిపించింది ఆమెకు.

మందుల తయారీలో పల్లాడియం లాంటి ఖరీదైన లోహాలను ఉత్ప్రేరకాలుగా వాడతారు. ఆ లోహం మందులో నలుసంత మిగిలినా ప్రమాదమే. అందుకే లోహం ఊసే లేకుండా, బోరాన్, ఫాస్ఫరస్‌లతో చేసిన పొడి ఆ పని చేస్తుందని వీళ్లిద్దరూ ప్రకటించగానే ఎక్కడెక్కడివాళ్లో మెచ్చుకున్నారు. ఆ మెప్పంతా ఇప్పుడు మచ్చల పాలయింది.

సాయంత్రం ఇంట్లో అక్క ముందు కక్కేసింది.

"పైగా రేపు వాళ్లకిచ్చే కాగితాల్లోంచి నా పేరు కొట్టేశాడక్కా. అడిగితే, 'రేపు నీ పేరు ఎక్కడా వినపడకూడదు' అన్నాడు."

"చూశావా! పొగడ్తలన్నీ తనొక్కడే మింగేద్దామని," అంది అక్క బట్టలు మడతపెడుతూ. "అలాంటివాడి ఎంగిలి కంచంలో నువ్వెందుకే చెయ్యి పెట్టడం?"

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు నిపుణులు ముగ్గురు వచ్చారు. వాళ్లలో పెద్దావిడ కళ్లజోడు సవరించుకుంటూ ఫ్లాస్కు ఎదురుగా కూర్చుంది. గైడు చొక్కా మీద టీ మరక. చెవిలో వేలు తిప్పుకుంటూ, "మొదలుపెట్టమ్మా," అన్నాడు. ఆ వేలు చూడలేక ఆమె మొహం తిప్పుకుంది. మచ్చల మాగ్నెట్‌ను కోటు జేబులోకి జారవిడిచి, కొత్తది ఫ్లాస్కులో వేసింది.

మాగ్నెట్ తిరిగింది. పసుపు రంగు పోయి ద్రావణం నీళ్లలా తేరుకోవాలి. ఎంతసేపు చూసినా పసుపు పసుపుగానే ఉంది.

గైడు మొహంలో నెత్తురు లేదు. ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"పాతది వేశావా?"

"వెయ్యలేదు సార్." ఆమె గొంతు మాత్రం తగ్గలేదు. "వెయ్యను కూడా."

"అమ్మాయ్, ఒక్క నిమిషం ఆగు..."

"ఎందుకాగాలి?" వచ్చినవాళ్ల వైపు తిరిగింది. "ఇందులో లోహం లేదన్నది పచ్చి అబద్ధమండీ. ఇన్నాళ్లూ పనిచేసింది ఇదిగో, దీని మీద అంటుకున్న పల్లాడియం." మచ్చల మాగ్నెట్‌ను తీసి బల్ల మీద పడేసింది. "ఈయనకు తెలుసు. తెలిసే ఇది వెయ్యమన్నారు. ఈ మనిషి దగ్గర పనిచేసినందుకు నా మీద నాకే రోతగా ఉంది!"

గైడు రుమాలు తీసి మొహం తుడుచుకుని, స్టూలు మీద కూలబడ్డాడు. ఒళ్లంతా కడుక్కున్నంత హాయిగా అనిపించింది ఆమెకు. వచ్చినవాళ్లు ఉలిక్కిపడతారని ఎదురుచూసింది. ఒక్కరూ ఉలిక్కిపడలేదు.

పెద్దావిడ కళ్లజోడు తీసి, గైడు వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసింది.

"తెలుసమ్మా, తప్పంతా తనదేనని రాసిచ్చి, ఆ మచ్చల సంగతి చూపిస్తాననే ఆయన మమ్మల్ని పిలిచారు."